మరుగుదొడ్డి చోటు మార్చునప్పుడు

మన భాషలో మరుగుదొడ్డి అను మాటయే ఒక చరిత్రను చెప్పుచున్నది. దొడ్డి అనగా ఇంటి వెనుకటి ఆవరణము. మరుగు అనగా చాటు. ఈ వసతి ఇంటికి దూరముగా, పెరటిలో, కంటికి కానరాని మూలలో ఉండవలెనని మన పెద్దలు నిర్ణయించుకొనిరి. అందుకు తగిన కారణమే ఉన్నది. దుర్వాసనను, ఈగలను దూరముగా ఉంచుటకు వారి చేతిలో ఉన్న ఉపాయము ఆ ఎడమొక్కటే. కాలక్రమమున అది పెరటి నుండి వసారా చివరకు, వసారా నుండి స్నానాల గదిలోనికి, అక్కడి నుండి పడకగదికి ఆనుకొన్న చిన్న గదిలోనికి వచ్చి చేరినది. రెండు మూడు తరముల కాలములో అది ఇంత ప్రయాణము చేసినది.

ఇప్పుడు అనేక గృహములలో దానిని మరల కదలించుచున్నారు. మోకాళ్ల నొప్పులతో గొంతుకూర్చొనలేని తల్లిదండ్రుల కొరకు నేలపై ఉన్న పీఠమును తీసి, కుర్చీవంటి కమోడ్ పెట్టించువారు కొందరు. తలుపు తెరచినంతనే కాలికి అడ్డు తగులుచున్నదని గోడ వారకు జరిపించువారు కొందరు. ఈశాన్యమున ఉండరాదని వాస్తు చూపించి మార్పించువారు మరికొందరు. కారణమేదైనను, ఇంటి యజమాని ఊహ మాత్రము సాధారణముగా ఒక్కటే: బీరువాను ఈ గోడ నుండి ఆ గోడకు జరిపినట్లే దీనిని కూడ జరుపవచ్చునని. కమోడ్‌ను ఎత్తి జరుపుటకు ఇద్దరు మనుష్యులు చాలుదురు, నిజమే. కదలించుట కష్టమైనది దాని క్రింద ఉన్న మురుగునీటి దారి. ఆ దారిని ముందు నిర్ణయించి పీఠము చోటును తరువాత నిర్ణయించిన ఇంటిలో పని సుఖముగా సాగును. చోటును ముందు నిర్ణయించి, దారిని పనివాని నేర్పునకు వదలివేసిన ఇంటిలో కొన్ని నెలలకే గోడ చెమ్మగిల్లును. గదిలో వాసన మొదలగును. మేడ ఇల్లయినచో క్రింది వాటావారితో తగవు కూడ మొదలగును.

కావున శ్రోతలు మొదట ఆ దారిని గురించి కొంత తెలిసికొనవలెను.

ఈ వసతి ఇంటిలోనికి రాగలుగుటకు కారణమైన వస్తువు మిక్కిలి చిన్నది: ఒక వంపు తిరిగిన గొట్టము. నీటితో కడుగు పీఠమును ఇంగ్లండు దేశములో జాన్ హారింగ్టన్ అను ఆయన 1596లోనే వర్ణించి ఒక పుస్తకము వ్రాసెను. అయినను అది ఇంటింటికి ప్రాకలేదు. 1775లో అలెగ్జాండర్ కమ్మింగ్ అను గడియారముల నిపుణుడు పీఠము క్రింది గొట్టమును ఆంగ్లములోని ఎస్ అక్షరమువలె వంచి, ఆ ఏర్పాటునకు పేటెంటు పొందెను. ఆ వంపులో ఎల్లప్పుడును కొంత నీరు నిలిచియుండును. ఆ నీరే తలుపు. పైనుండి వచ్చు నీటికి అది దారి ఇచ్చును. క్రింది మురుగు కాలువ నుండి పైకి వచ్చు దుర్వాయువులకు, పురుగులకు దారి ఇయ్యదు. తాళము లేదు, గడియ లేదు, అరిగిపోవు భాగమేదియు లేదు. మన పనివారు ఈ వంపును ట్రాప్ అనియు, అందు నిలుచు నీటిని వాటర్ సీల్ అనియు పిలుతురు. ఆ నీటి లోతు రెండంగుళములకు, అనగా 50 మిల్లీమీటర్లకు తగ్గరాదు. మన నాసికకు, మురుగు కాలువకు మధ్య ఉన్న అడ్డు ఆ రెండంగుళముల నీరే.

ఈ నీటి తలుపు రెండు విధముల చెడును. చాలకాలము వాడని గదిలో నీరు ఆవిరియై పోవును. వేసవి సెలవులకు ఊరికి పోయి వచ్చిన ఇంటిలో తలుపు తీయగానే వచ్చు వాసనకు తరచు ఇదియే కారణము. రెండు చెంబుల నీరు పోసినచో అది తీరును. రెండవది ఇంతకన్న కఠినమైనది. గొట్టము నిండుగా నీరు వేగముగా దిగునప్పుడు వెనుకనున్న గాలిని లాగును. ఆ లాగుటకు తగిన గాలి వేరొక దారిని దొరకనియెడల, అది ట్రాప్‌లోని నీటినే లాగివేయును. ఇట్లు కాకుండుటకే నిలువు గొట్టమును మేడపై వరకు పెంచి, చివరను జాలీ ఉన్న మూత పెట్టుదురు. చాలమంది దానిని చూచి ఎందుకో పెట్టిన గొట్టమనుకొని, డాబాపై గది వేయునప్పుడు కోయించి మూసివేయుదురు. ఆ ఇంటిలో పై అంతస్తువారు నీరు వదలినప్పుడెల్ల క్రింది అంతస్తు ట్రాప్ గుటగుటమని శబ్దము చేయును. ఆ శబ్దము విన్నప్పుడు గాలిదారి మూసికొనిపోయినదేమో చూడవలెను. చోటు మార్చి కొత్త గొట్టము వేయునప్పుడు ఈ గాలి గొట్టమునకు దూరమగుచున్నామా, దగ్గరగుచున్నామా అని అడుగుట మరువరాదు.

ఇక వాటము మాట. మన తాపీ మేస్త్రీలు నేల వాలును వాటము అందురు. కమోడ్ నుండి బయలుదేరు గొట్టము నాలుగంగుళములది. బజారులో దీనిని 110 మిల్లీమీటర్ల గొట్టమని అమ్ముదురు. దానికి నలుబది అడుగులకు ఒక అడుగు చొప్పున వాటము ఉండిన శ్రేష్ఠము. అనగా పది అడుగులకు మూడంగుళములు. ఈ లెక్కతో ఒక ఉదాహరణము చూతము. పాత చోటునకు ఎనిమిది అడుగుల ఎడములో కొత్త చోటు కోరితిమనుకొందము. వాటమునకు రమారమి రెండున్నర అంగుళములు. గొట్టము మందము నాలుగంగుళములకు కొంచెము పైన. గొట్టము క్రింద పరుపు, పైన సిమెంటు, ఆపైన టైలు. పీఠము క్రింద నిలువుగా దిగి అడ్డముగా తిరుగు వంపు. ఇవన్నియు కలిసి అడుగు లోతు నింపివేయును. ఆ అడుగు లోతు మన నేలలో ఉన్నదా? చోటు మార్పు సాధ్యమా, అసాధ్యమా అనుట ఈ ఒక్క ప్రశ్నపై ఆధారపడియున్నది.

నేలపై కట్టిన ఇంటిలో సమాధానము సులభము. నేలను త్రవ్వవచ్చును. అచ్చట చూడవలసినదెల్ల గొట్టము చివర కలియు చాంబరు లోతు మాత్రమే. చాంబరు అడుగు మట్టము కన్న గొట్టము చివర పల్లమైనచో నీరు వెనుకకు నిలుచును.

మేడపై గదులలో లోతు ముందే ఏర్పరచి ఉండవలెను. స్నానాల గది క్రింద శ్లాబును మిగిలిన గదుల కన్న సుమారు ఒక అడుగు దించి పోసి, ఆ పల్లములో గొట్టములు పరచి, ఇటుక ముక్కలతో నింపి, పైన నేల వేయుదురు. పనివారు దీనిని సంకెన్ శ్లాబ్ అందురు. ఇట్టి పల్లమున్న గదిలో ఆ గది హద్దులలో చోటు మార్చవచ్చును. అయితే పాత నింపును తీసినప్పుడు దాని క్రింద నీరు దిగకుండ పూసిన పూత తప్పక దెబ్బతినును. దానిని పూర్తిగా మరల వేయవలెను. అతుకులు వేసినచో చాలదు.

పల్లము లేని మేడగదిలో మూడు మార్గములున్నవి. నేలనే ఎత్తు చేయుట ఒకటి. దీనివలన గుమ్మములో అడుగు ఎత్తున మెట్టు ఏర్పడును. వృద్ధుల సౌకర్యమునకై పని మొదలుపెట్టి, వారు రాత్రివేళ తడబడు మెట్టు కట్టుట ఏమి వివేకము? గొట్టమును శ్లాబు క్రింద, అనగా క్రింది వాటా పైకప్పునకు వ్రేలాడదీయుట రెండవది. దీనికి క్రింది వారి సమ్మతి కావలెను. అపార్ట్‌మెంటు అయినచో సంఘము అనుమతి కూడ కావలెను. మూడవది తరచు అన్నింటి కన్న మేలైనది. కమోడ్‌లలో రెండు తెగలున్నవి. ఎస్ రకము గొట్టము నేలలోనికి దిగును. పి రకము గొట్టము నేలకు ఏడంగుళముల ఎత్తున వెనుక గోడలోనికి పోవును. కొత్త చోటు బయటి గోడకు ఆనుకొని ఉండునట్లు చూచుకొని పి రకము పెట్టించినచో, గొట్టము గోడ దాటి బయట ఉన్న నిలువు గొట్టములో కలిసిపోవును. నేలను ముట్టుకొనవలసిన పని చాలవరకు తప్పును. కావున చోటు వెదకునప్పుడు బయటి గోడల వెంట వెదకుట మంచిది. ఏ మార్గము పట్టినను, గొట్టము కొరకు దూలమునకు గాని స్తంభమునకు గాని కన్నము వేయరాదు. శ్లాబునకు కన్నము వేయవలసివచ్చినచో, లోపలి ఇనుప కమ్మీలు ఎచ్చట ఉన్నవో ఎఱిగిన ఇంజనీరును ముందు అడుగవలెను.

కొలతల విషయములో సామాన్యముగా ఒక పొరపాటు జరుగుచుండును. ఎస్ రకము కమోడ్‌కు గోడ నుండి గొట్టము మధ్యబిందువు వరకు ఇంత దూరమని నిర్ణయమున్నది. మన బజారులో తొమ్మిది అంగుళములవి, పండ్రెండు అంగుళములవి దొరకును. ఈ దూరము పూర్తియైన గోడ నుండి, అనగా టైలు అతికించిన తరువాతి ముఖము నుండి లెక్క. ఇటుక గోడ నుండి కొలిచి గొట్టము పెట్టినచో, టైలు, దాని క్రింది సిమెంటు మందము కలిసి అంగుళము పైగా తినివేయును. కమోడ్ వెనుకభాగము గోడకు తగిలి కూర్చొనదు. కావున కమోడ్‌ను ముందు కొని ఇంటిలో పెట్టుకొని, దాని కొలత ప్రకారమే గొట్టము పెట్టించవలెను. పీఠము మధ్యరేఖ నుండి ప్రక్క గోడకు పదునైదు అంగుళములైనను, ముందు రెండడుగులైనను ఖాళీ ఉండవలెను. వృద్ధుల కొరకైనచో గోడకు పట్టుకొను కమ్మీ బిగించుటకు గట్టి చోటు చూపవలెను. తలుపు బయటకు తెరచుకొనునట్లు పెట్టించవలెను. లోపల మనిషి పడిపోయినప్పుడు లోనికి తెరచుకొను తలుపును త్రోయుట దుర్లభము.

ఇంతవరకు తెలిసిన పిమ్మట పనివానిని పిలువవచ్చును. ప్లంబరు అను మాట సీసమునకు లాటిన్ భాషలో గల ప్లంబం అను పేరు నుండి వచ్చినది. పూర్వము రోమనులు నీటి గొట్టములను సీసముతో చేసిరి. ఇప్పుడు గొట్టములు ప్లాస్టిక్‌వైనను పేరు నిలిచిపోయినది. కుళాయి వాషరు మార్చువాడును ప్లంబరే, మూడంతస్తుల మురుగు దారి వేయువాడును ప్లంబరే. మనకు కావలసినవాడు రెండవవాడు. అతనిని గుర్తించుట కష్టము కాదు. గదిలోనికి వచ్చి, కమోడ్ వైపు చూచి, వెంటనే ధర చెప్పువానికి పని ఇయ్యకుడు. బయటకు పోయి నిలువు గొట్టము చూచి, చాంబరు మూత తీయించి, మేడ ఎక్కి గాలి గొట్టము చూచి వచ్చువాడు మనవాడు. వారి సంభాషణ ఇట్లుండవచ్చును.

"ఏం బాబూ, ఎన్నాళ్ల పని?"

"ఇప్పుడే ఎట్లా చెప్పేదమ్మగారూ? నేల కొట్టి చూస్తేగాని లోతు తెలియదు. కింద వాటావాళ్లతో మీరొకసారి మాట్లాడాలి."

"ఇంకొకతను రెండు రోజుల్లో అయిపోతుందన్నాడే!"

"టైలు వేసెయ్యడం రెండు రోజులేనమ్మా. గొట్టంలో నీళ్లు నింపి ఒక రాత్రి ఉంచాలి, నేల మీద నీళ్లు కట్టి ఇంకొక రోజు చూడాలి. అవి చెయ్యొద్దంటే నేనూ రెండు రోజుల్లో ఇస్తాను."

ఇట్టి సమాధానము చెప్పినవాడు ఎక్కువ కూలి అడిగినను అతనికే పని అప్పగించవలెను. అతనిని మూడు ప్రశ్నలు అడుగుడు. గొట్టము ఎటునుండి ఎటు పోవును? ఎంత వాటము వచ్చును? రేపు అడ్డుపడినచో ఎక్కడ తెరచి శుభ్రము చేయవలెను? మూడవ ప్రశ్న ముఖ్యమైనది. మలుపుల వద్ద మూత ఉన్న వంపులు పెట్టించవలెను. తిన్నని మూల మలుపునకు బదులు రెండు ఏటవాలు వంపులు పెట్టిన దారిలో అడ్డు తక్కువ. ఒక గొట్టము మరియొక దానిలో కలియు చోట టి ఆకారము కన్న వై ఆకారము మేలు.

ప్లంబరు, తాపీ మేస్త్రీ, టైల్స్ పనివాడు ముగ్గురు వేర్వేరు మనుష్యులు. నీరు కారిన నాడు ఒకరిపై ఒకరు నెపము వేయుదురు. కావున ముగ్గురి పనికి బాధ్యుడెవరో మొదటనే నిర్ణయించి, కాగితముపై వ్రాసికొనుడు. సామగ్రి ఎవరు తేవలెను, పాత సిమెంటు పెళ్లలు ఎవరు తీసికొనిపోవలెను, కూలి రోజువారీయా గుత్తయా, బయానా ఎంత అను సంగతులు అందు ఉండవలెను. గొట్టముల పరీక్ష నెగ్గిన తరువాత ఒక వాయిదా, కమోడ్ బిగించిన తరువాత ఒక వాయిదా అని ఏర్పరచుకొనుట ఉభయులకు క్షేమము. యజమాని పని మధ్యలో చోటు మరల మార్చినచో అదనపు కూలి ఇచ్చుట న్యాయము. పరీక్ష చేయించుకొన్న పనివానికి కూలి బాకీపెట్టుట అన్యాయము.

ఆ పరీక్షలు రెండు. గొట్టములు అతికించిన పిమ్మట, పైన కప్పకముందు, క్రింది చివరను బిగించి, నిండుగా నీరు పోసి, మట్టము గుర్తుపెట్టి కొన్ని గంటలు ఉంచవలెను. నీరు దిగినచో అతుకు ఎక్కడనో వదలినది. రెండవది, నేలకు నీరు దిగని పూత వేసిన పిమ్మట, టైలు వేయకముందు, గడపకు చిన్న కట్ట కట్టి రెండంగుళముల నీటిని ఒక పగలు ఒక రాత్రియైనను నిలుపవలెను. క్రింది వాటా కప్పును మరునాడు స్వయముగా చూడవలెను. వాటమును రసమట్టముతో సరిచూచుట, మూయకముందు గొట్టముల ఫొటోలు తీసి ఉంచుకొనుట కూడ అవసరము. ఇన్నియు టైలు పడకముందే జరుగవలెను. టైలు పడిన తరువాత తెలిసిన తప్పునకు ఖర్చు రెండింతలు.

చివర కమోడ్‌ను సిమెంటుతో పాతిపెట్టక, మరలతో బిగించుట మంచిది. మరునాడు విప్పవలసివచ్చినచో పగులగొట్టవలసిన అగత్యముండదు. నీటి తొట్టి విషయములో పొదుపు పాటింపవచ్చును. పాత తొట్లు ఒక్కమారునకు పది లీటర్లకు పైగా వదలెడివి. రెండు మీటలున్న కొత్త తొట్లలో పెద్ద మీటకు ఆరు, చిన్న మీటకు మూడు లీటర్లు చాలును.

దారి మన గోడ దాటినంత మాత్రమున అంతము కాదు. 1908 మూసీ వరద తరువాత హైదరాబాదునకు పిలువబడిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వరద నివారణతో పాటు నగరమునకు మురుగునీటి పథకమును కూడ రూపొందించిరి. అట్లు భూగర్భ కాలువలున్న చోట్ల మన గొట్టము వాటిలో కలియును. మన పట్టణములలో, పల్లెలలో అనేక గృహములకు ఆధారము సెప్టిక్ ట్యాంకు. కొత్త గొట్టమును దానికి కాక దగ్గరలో ఉన్నదని వాననీటి కాలువకు కలుపువారున్నారు. ఆ మలినము వీధిలో బయటపడి, మన పిల్లలు నడచు దారిలోనే పారును. ఈ పాటి పొదుపు కొరకు ఎవ్వరును ఆ పని చేయరాదు.

చోటు మార్పు జరుగునప్పుడే ట్యాంకు ఎక్కడ ఉన్నదో, దాని మూత తెరచుటకు వీలుగా ఉన్నదో లేదో చూడుడు. రెండు మూడు సంవత్సరములకు ఒకసారి యంత్రపు బండితో అందలి మడ్డిని తీయించవలెను. మనిషిని మాత్రము లోనికి దింపరాదు. అందుండు వాయువులు క్షణములలో ప్రాణము తీయును. ఒకరిని రక్షింపబోయి వెంట దిగినవారు కూడ మరణించిన సందర్భములు అనేకము. చేతులతో మలము ఎత్తు పనిని నిషేధించుచు 1993లో ఒక చట్టము, ట్యాంకులలో రక్షణ సాధనములు లేక మనుష్యులను దింపుటను కూడ నిషేధించుచు 2013లో మరియొక చట్టము వచ్చినవి. ఇట్టి మరణములకు పది లక్షల రూపాయల పరిహారము ఇయ్యవలెనని 2014లో సుప్రీంకోర్టు నిర్ణయించెను. 2023లో దానిని ముప్పది లక్షలు చేసెను. ఈ దురాచారము తొలగుటకు దశాబ్దములుగా పోరాడిన బెజవాడ విల్సన్‌గారికి 2016లో మెగసెసే బహుమానము లభించినది.

పూర్వము పెరటి గోడకు ఆవల సందులో ఒక మనిషి తట్టతో వచ్చి, మన మలినము మోసికొనిపోవుచుండెడివాడు. వంపు గొట్టమును, రెండంగుళముల నీరును, తగిన వాటమును ఆ మనిషి తల నుండి ఆ తట్టను దించుటకు తోడ్పడినవి. కావున టైలు రంగు ఎన్నుకొనుటకు ఒక పూట వెచ్చించు గృహస్థుడు, ఆ టైలు క్రింద పోవు దారిని గురించి కూడ ఒక పూట ఆలోచించవలెను. దారి సరిగా ఉన్నచో ఇంటిలోని పెద్దలకు సుఖము, క్రింది వాటావారికి శాంతి, పనివానికి ప్రాణరక్షణ కలుగును.